రంది, ప్రార్థన, చెరువుకట్ట: వరంగల్ క్రైస్తవ జీవనంలో ప్రకృతి

రేపటి దిగులును ప్రార్థనలో దేవునికి అప్పజెప్పి, కళ్లెదుట ఉన్న పిట్టనో పువ్వునో నీటినో నిదానంగా చూస్తూ మనసును కుదుటపరచుకోవడం క్రైస్తవంలో మొదటి నుంచీ ఉన్న సాధన. దానికి ఆధారం యేసు కొండమీద చేసిన ప్రసంగం. ఉమ్మడి వరంగల్ జిల్లాలో, అంటే ఇప్పటి హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, ములుగు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో, ఈ సాధనకు రెండు వారసత్వాలు అందుబాటులో ఉన్నాయి. ఒకటి కాకతీయుల నాటి చెరువులు, వాటి వెనక గుట్టలు, అడవి. రెండోది 19వ శతాబ్దం చివర మొదలైన మిషన్ల చరిత్ర. రెండూ ఒకే నేల మీద ఉన్నా ఒకదాన్నొకటి పట్టించుకున్నది తక్కువే. రంది, అంటే ఆ దిగులు, తీర్చుకోవడానికి ఇక్కడి సంఘాలకు పాట, ఉపవాసం, సాక్ష్యం, పదిమంది కలిసి చేసే ప్రార్థన బాగా అలవాటయ్యాయి. చూడటం అనే భాగం మాత్రం వెనకబడింది.

మూలపాఠాలు

మత్తయి సువార్త 6వ అధ్యాయం 25 నుంచి 34 వరకు ఉన్న వచనాలు, లూకా సువార్త 12వ అధ్యాయంలో వాటికి జంటగా ఉన్న భాగం ఈ అంశానికి పునాది. తిండి, బట్ట, ఆయుష్షు గురించి బెంగపెట్టుకున్న జనానికి యేసు అక్కడ రెండు పనులు చెబుతాడు. బెంగ మానమనడం మొదటిది. ఎగిరే పక్షులనూ, ఎవరూ నాటకుండానే పూసే పూలనూ గమనించమనడం రెండోది. మత్తయి పక్షులని ఊరుకుంటే లూకా కాకుల పేరే చెబుతాడు. మోషే ధర్మశాస్త్రం ప్రకారం కాకి తినకూడని, అపవిత్రమైన పక్షి. నెమలినో పావురాన్నో కాకుండా ఊరవతల తిరిగే కాకిని ఉదాహరణగా తీసుకోవడం ఆ శ్రోతలను దృష్టిలో పెట్టుకునే అయి ఉంటుంది. వాళ్లు గలిలయలోని రైతులు, కూలీలు, చేపలు పట్టేవాళ్లు. పన్నుల కింద, అప్పుల కింద నలుగుతున్నవాళ్లు. తీరిక ఉన్నవాళ్లకు చెప్పిన ప్రకృతి వర్ణన కాదది.

ఆదివారం ప్రసంగాల్లో ఎక్కువగా వినిపించేది మొదటి పనే. ‘రంది పెట్టుకోవద్దు’ అని అయ్యగారు (పాస్టరు) చెబుతారు, సంఘం ఆమేన్ అంటుంది. కానీ దిగులు మానమని ఆజ్ఞాపిస్తే మానేది కాదు. మానమన్నకొద్దీ దాని మీదికే ధ్యాస పోతుంది. ధ్యాసను మరో చోటికి మళ్లించే రెండో పనిని మొదటిదానికి జతగా చెప్పడంలోని తెలివి అక్కడే ఉంది.

పాత నిబంధనలో ఇదే అంశానికి మరో ముఖ్యమైన కథ ఏలీయాది. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో యెజెబెలు రాణి బెదిరింపుతో ప్రాణభయం పట్టుకున్న ఈ ప్రవక్త అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, చచ్చిపోతే బాగుండునని వేడుకుంటాడు. దేవదూత వచ్చి అతన్ని మందలించడు. కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిస్తాడు. రెండోసారి కూడా తినిపించాకే ప్రయాణం మాట ఎత్తుతాడు. హోరేబు కొండ మీద పెనుగాలి, భూకంపం, అగ్ని వచ్చిపోయాక సన్నని స్వరం వినబడుతుంది. చింతతో కుంగినవాడికి ముందు అన్నం, నిద్ర, నడక. మాట ఆ తర్వాత. విశ్వాసుల ఇళ్లకు పరామర్శకు వెళ్లేవాళ్లు ఈ వరుసను గుర్తుపెట్టుకుంటే ఎంతో మేలు.

ఇవిగాక 23వ, 104వ, 121వ కీర్తనలు, ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం, పేతురు మొదటి పత్రిక 5వ అధ్యాయం తెలుగు సంఘాల్లో ఊరట కోసం తరచు చదివేవి. సువార్తల ప్రకారం యేసు తానూ జనం మధ్య నుంచి తప్పుకుని కొండకో, నిర్జన ప్రదేశానికో వెళ్లి ప్రార్థించేవాడు. అరెస్టుకు ముందు రాత్రి ఆయన వేదనతో ప్రార్థించింది ఒలీవ కొండ మీద గెత్సేమనేలో.

తర్వాతి కాలంలో ఇటలీలోని అసిసి పట్టణానికి చెందిన ఫ్రాన్సిస్ (మరణం 1226) సూర్యచంద్రులను అన్నదమ్ములుగా, అక్కచెల్లెళ్లుగా పిలిచి దేవుణ్ని స్తుతించాడు. డెన్మార్క్ తత్వవేత్త సోరెన్ కియర్కెగార్డ్ పువ్వు, పక్షి అనే ఈ రెండు ఉపమానాల మీదే 1849లో ఒక పుస్తకం వేశాడు. మౌనం, విధేయత, ఆనందం వాటి దగ్గర నేర్చుకోవాలన్నది అతని వాదం. 2015లో పోప్ ఫ్రాన్సిస్ వెలువరించిన ‘లౌదాతో సీ’ లేఖ సృష్టి సంరక్షణను విశ్వాస జీవితంలో భాగంగా చెప్పింది.

వరంగల్ ప్రాంతంలో సంఘాల నేపథ్యం

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఆల్బర్ట్ లాఫ్రిడ్జ్ 1879లో హనుమకొండలో మిషన్ కేంద్రం తెరిచాడు. అప్పటికి దక్షిణ భారతాన్ని 1876–78 మహాకరువు ఊడ్చిపెట్టి పోయింది. అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ ఒంగోలు ప్రాంతంలో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవారికి పని కల్పించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందింది అక్కడే. అంటే తెలుగునాట ఈ విశ్వాసం పెద్దఎత్తున వ్యాపించిన కాలం, తిండి గురించిన చింత అక్షరాలా చావుబతుకుల సమస్యగా ఉన్న కాలం ఒక్కటే. హనుమకొండలో వైద్య మిషనరీ జె.ఎస్.టింపనీ ఆసుపత్రి నడిపాడు. మెదక్‌లో చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువు పీడితులకు కూలి దొరికేలా కట్టించిన మహాదేవాలయం 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరుపుకుంది. దిగులు తీర్చడమంటే ముందు పని, గింజలు, మందు అన్న అవగాహన ఈ తరం మిషనరీల్లో గట్టిగా ఉండేది.

డోర్నకల్ కథ వేరు. తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874–1945) 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సభలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. అప్పటి వరంగల్ జిల్లాలోని డోర్నకల్ ఆయన పీఠం. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన అక్కడి ఎపిఫనీ కెథడ్రల్‌లో గుమ్మటాలు, మినార్లు ఒకపక్క, గుడి మండపాన్ని తలపించే స్తంభాలు మరోపక్క కనిపిస్తాయి. రాతిలో తామర, అరటిపువ్వు ఉన్నాయి. పండు ఇచ్చి తాను నేలకొరిగే అరటిచెట్టును త్యాగానికి గుర్తుగా తీసుకోవడం పల్లెటూరి విశ్వాసికి వివరించి చెప్పాల్సిన పనిలేని సంగతి. యూరప్ గాజుకిటికీల లిల్లీ పూలకు బదులు పెరట్లోని పువ్వును పట్టుకున్న ఈ చూపు, కొండమీది ప్రసంగంలోని రెండో పనికి మన ప్రాంతంలో దొరికే మంచి జవాబు. అజరయ్య మేత్రాసనంలో (బిషప్ పరిధిలోని ప్రాంతంలో) ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి కానుకకు దాచే అలవాటును ప్రోత్సహించారు. రేపటికి ఉంటుందో లేదో తెలియని ఇంట్లో పిడికెడు గింజలు పక్కన పెట్టడం ఒక రకంగా చింతకు ఎదురు నిలవడమే. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ మేత్రాసనం అందులో కలిసింది.

కథోలికుల వరంగల్ మేత్రాసనం 1952లో ఏర్పడింది. మిలాన్‌కు చెందిన పీమే అనే మిషనరీ సంస్థ సభ్యుడు అల్ఫోన్సో బెరెట్టా మొదటి బిషప్. కాజీపేట ఫాతిమానగర్‌లోని ఫాతిమా మాత కెథడ్రల్ దాని కేంద్రం. జపమాల, నొవేనా (తొమ్మిది రోజుల ప్రార్థన), ఫాతిమా మాత పండుగ ఇక్కడి కథోలిక కుటుంబాలకు బెంగ వేళల్లో ఆసరా. గత కొన్ని దశాబ్దాల్లో స్వతంత్ర సంఘాలు బాగా పెరిగాయి. హనుమకొండకు దగ్గరలోని కరుణాపురంలో 2023లో ప్రారంభమైన క్రీస్తు జ్యోతి ప్రార్థనా మందిరం వాటిలో అన్నిటికంటే పెద్ద కట్టడం.

ఏడాది పొడవునా

చర్చి క్యాలెండరును ఇక్కడి రుతువుల పక్కన పెట్టి చూస్తే చాలా చోట్ల అతుకుతుంది. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలపు నలభై రోజులు మోదుగు పూసే కాలం. ఆకంతా రాలి ఎండిన కొమ్మల మీద ఎర్రగా పూత మండిపోతున్న అడవి అంచులు ములుగు, నర్సంపేట దారుల్లో కనిపిస్తాయి. ఉపవాసం, పశ్చాత్తాపం గురించి ప్రసంగాలు చెప్పే ఆ వారాల్లో ఆ చెట్టును చూపించి మాట్లాడే ప్రసంగీకులు ఉంటే చెప్పే పని సగం తగ్గుతుంది. మట్టల ఆదివారం నాడు పిల్లలు పట్టుకుని ఊరేగేది ఈత, తాటి మట్టలే. యెరూషలేములోని ఖర్జూర మట్టకు ఈత దగ్గరి బంధువు కూడా. గుడ్ ఫ్రైడే నాటికి వేపపూత, ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులతో చేసే ఆరాధన. వాన కోసం, విత్తనం మొలకెత్తడం కోసం జూన్, జూలై నెలల్లో ప్రత్యేక ప్రార్థనలు జరుగుతాయి. కోత పండుగకు రైతులు వడ్లు, మక్క కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడితే తర్వాత వాటిని వేలం వేస్తారు. సొరకాయ ఒకటి అసలు ధరకు పదింతలు పలకడం, పాడుకున్నవాడు దాన్ని మళ్లీ సంఘానికే ఇచ్చి రెండోసారి వేలం వేయించడం ఈ పండుగలో మామూలే.

సెప్టెంబర్ 1 నుంచి అక్టోబర్ 4 వరకు ప్రపంచంలోని అనేక క్రైస్తవ శాఖలు సృష్టి కాలంగా పాటిస్తున్నాయి. తెలంగాణలో దాదాపు ఆ రోజుల్లోనే గునుగు, తంగేడు విరగబూసి ఊళ్లు బతుకమ్మకు సిద్ధమవుతాయి. ఏ పువ్వు ఏ గట్టు మీద, ఏ బీడులో దొరుకుతుందో ఊరంతా కలిసి వెతికే కాలమది. అనేక క్రైస్తవ కుటుంబాలు పూజా సంబంధం వల్ల ఆ పండుగకు దూరంగా ఉంటాయి. ఆ నిర్ణయం వాళ్లది. కానీ పండుగతో పాటు పూల పేర్లు కూడా పిల్లలకు దూరమవుతున్నాయన్నది గమనించాల్సిన సంగతి. అడవి పువ్వులను గమనించమన్న వచనం కంఠతా వచ్చిన పిల్లవాడికి గునుగు పువ్వుకూ ముళ్లగోరింటకూ తేడా తెలియకపోతే ఆ వచనం సగమే వచ్చినట్టు.

బాప్టిస్టు, స్వతంత్ర సంఘాల్లో ముంచి ఇచ్చే బాప్తిస్మానికి తొట్టి లేని చోట చెరువు, వాగు, వ్యవసాయ బావి ఇప్పటికీ ఉపయోగపడతాయి. చాలామంది విశ్వాసులకు తమ ఊరి చెరువుతో ఉన్న అత్యంత గంభీరమైన సంబంధం ఆ ఒక్క ఉదయమే.

ఇంట్లో, కూడికలో

రందికి ఇక్కడి సంఘాలు ఇచ్చే ఊరట ఎక్కువగా గొంతుతో నడుస్తుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఇళ్లలో జరిగే కాటేజీ కూడిక, నెలకోసారి రాత్రి ప్రార్థన. విన్నపాలు చీటీల మీద రాసి ఇస్తారు: అమ్మాయి పెళ్లి, అబ్బాయికి ఉద్యోగం, పత్తి ధర, బ్యాంకు లోన్, ఆపరేషన్. అయ్యగారు ఒక్కో చీటీ చదువుతుంటే మిగతావాళ్లు కళ్లు మూసుకుని వింటారు. రాయడం వచ్చినవాళ్లు రానివాళ్లకు చీటీ రాసిపెట్టడం కూడా కూడికలో భాగమే. తన అప్పు సంగతి నలుగురిలో వినబడ్డాక చీటీ ఇచ్చిన మనిషి బరువు కాస్త తగ్గుతుంది. పక్కవాడి చీటీలోనూ అప్పే ఉందని తెలిశాక ఇంకాస్త తగ్గుతుంది. హార్మోనియం, తబలా, డప్పులతో పాడే పాటల్లో పురుషోత్తమ చౌదరి (1803–1890) రాసిన కీర్తనల నుంచి నిన్నమొన్నటి యూట్యూబ్ పాటల దాకా అన్నీ ఉంటాయి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం పాత ప్రొటెస్టంట్ సంఘాల్లో బైబిలు పక్కనే ఉంటుంది.

అనుదిన ధ్యానాలకు తెలుగు ఇళ్లలో ఎక్కువగా కనిపించే పుస్తకాల్లో ‘ఎడారిలో సెలయేర్లు’ ఒకటి. లెట్టీ కౌమన్ 1925లో ఇంగ్లిష్‌లో వెలువరించిన సంకలనానికి ఇది అనువాదం. భర్త చార్లెస్ ఏళ్ల తరబడి జబ్బున పడి ఉన్న కాలంలో ఆమె కూర్చుకున్న ధ్యానాలివి. గాలివాన, చెట్టు, నది, కొండల పోలికలు పేజీ పేజీకీ వస్తాయి. అయితే అవి అమెరికా, ఇంగ్లండు తోటలు, తీరాలు. మన చెరువు, మన కంప, మన ఎండ ఉన్న ధ్యాన పుస్తకం తెలుగులో రావలసే ఉంది.

గిజిగాడి దగ్గర

పక్షులకు నాట్లూ కోతలూ లేకున్నా తిండి దొరుకుతుందన్న యేసు మాటను, పని మానేసి కూర్చోమన్నట్టు అర్థం చేసుకునేవాళ్లు ఉన్నారు. వానాకాలంలో వ్యవసాయ బావి దగ్గరి ఈతచెట్టును కాసేపు చూస్తే ఆ భ్రమ పోతుంది. తలా ఎదా పసుపుపచ్చగా మెరిసే మగ గిజిగాడు వరి ఆకు అంచునో ఈత ఆకునో ముక్కుతో గాటుపెట్టి, కొస పట్టుకుని ఎగిరితే సన్నని పోగు చీలి వస్తుంది. దాన్ని తెచ్చి మట్ట కొసకు చుట్టి ముడివేస్తాడు, మళ్లీ వెళ్తాడు. వందల సార్లు ఇదే పని. గూడు సగం అయ్యేసరికి బోర్లించిన టోపీలా వేలాడుతుంది. అప్పుడు ఆడపిట్ట వచ్చి లోపలికెళ్లి చూసుకుంటుంది. నచ్చితే మగది కింది గొట్టం దారి అల్లి పూర్తిచేస్తుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే ఎండిపోతుంది, పక్క మట్టకు కొత్త పోగు పడుతుంది. ఒకే చెట్టుకు పూర్తయిన గూళ్ల పక్కన ఇలాంటి టోపీలు ఎన్నో వేలాడుతుంటాయి. లోపలి గోడకు తడిమట్టి ముద్దలు కూడా అంటిస్తాయి.

అక్కడ కనిపించేది ఎడతెగని శ్రమ. దానికి తోడు, వృథా పోయిన పని పక్కనే మళ్లీ మొదలుపెట్టడం. రేపటి భయాన్ని ఇవాళ్టి చేతిపనిలో కలపకపోవడం అన్నదే కొండమీది ప్రసంగం చెప్పే సంగతి అయితే, దానికి ఇంతకంటే దగ్గరి వ్యాఖ్యానం వేదాంత కళాశాల గ్రంథాలయంలో కూడా దొరకదు. గమనించే పద్ధతి కూడా తేలికే. ఒకే చెట్టు, ఒకే సమయం. ముందు ఆ రోజు రందిని పేరు పెట్టి ప్రార్థనలో చెప్పుకోవాలి. తర్వాత ఫోను జేబులో పెట్టేసి చూడటమే. ధ్యాస అప్పు మీదికి పోతే మళ్లీ పోగు మీదికి తెచ్చుకోవాలి. బావి దాకా వెళ్లలేనివాళ్లకు డాబా మీది పిట్టగోడ, కరెంటు తీగ మీద కూర్చున్న పసులపోలిగాడు, లూకా చెప్పిన కాకి చాలు.

ప్రకృతి ఎవరికి తీరిక

ఇక్కడి సంఘాల్లో అధికభాగం మాల, మాదిగ కుటుంబాలు. వాళ్ల తాతముత్తాతలకు చెరువు చూసి సేదతీరే చోటు కాదు. నీళ్లు ముట్టనివ్వని రోజులూ చూశారు, ఆ చెరువు కింది మడుల్లో నడుం వంచి నాట్లేశారు. ఇవాళ ఉపవాస కూడికకు వచ్చే ఆడకూలీకి ‘ప్రకృతిలో కాసేపు గడుపు’ అని సలహా ఇస్తే నవ్విపోతుంది. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన ఎండలో ఆమె గడిపేదంతా అక్కడే. ఆమెకు కావలసింది నీడ, కూర్చోవడానికి వీలు, ఎవరూ పని చెప్పని అరగంట. చర్చి ఆవరణలో చెట్లు నాటి, అరుగులు కట్టి, వారం పొడవునా గేటు తీసి ఉంచితే ఆ అరగంట దొరుకుతుంది. ఉన్న జాగానంతా పార్కింగుకో షెడ్డుకో అప్పగించి సిమెంటు పోయించేస్తున్న సంఘాలు ఈ విషయం ఆలోచించాలి.

వరంగల్‌కు ఇంకో జ్ఞాపకం ఉంది. 1997–98లో పురుగు దాడి, అకాల వర్షాలు, నకిలీ మందులు, వడ్డీ అప్పులు కలిసి పత్తి రైతులను దెబ్బతీశాయి. ఆత్మహత్యలతో జిల్లా పేరు దేశమంతా వినబడింది. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తెచ్చి ధర కోసం ఎదురుచూసే రైతు చింతకు కారణం ఊహల్లో ఉండదు, తూకం చీటీ మీద ఉంటుంది. అలాంటివాడికి పక్షులను చూపించి పంపేస్తే అది అవమానం. అప్పు పునర్వ్యవస్థీకరణకు బ్యాంకుకు తోడు వెళ్లడం, బీమా కాగితం నింపిపెట్టడం, ఇంటికి నాలుగు రోజుల బియ్యం పంపడం కూడా ఆ ప్రసంగానికి విధేయతే. దేవుడు పక్షిని పోషిస్తాడన్న మాటలో పోషించే చేతుల్లో సంఘం చేతులూ ఉన్నాయని క్లౌ కాలువ తవ్వించి చూపించాడు.

పరిశోధనలు ఏమంటున్నాయి

ప్రకృతి దృశ్యం మనసును కుదుటపరుస్తుందన్న దానికి ఆధారాలు ఉన్నాయి. రోజర్ ఉల్రిచ్ 1984లో ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న అధ్యయనం ప్రచురించాడు. పెన్సిల్వేనియా ఆసుపత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స అయిన రోగుల్లో, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు ఇటుక గోడ కనిపించినవాళ్లకంటే ముందుగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులూ తక్కువే వాడారు. రేచెల్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు 1989లో, పట్టుబట్టి పెట్టే ధ్యాస అలసిపోతుందనీ, ఆకుల కదలిక, నీటి అలల వంటివి శ్రమ లేకుండా దృష్టిని పట్టి ఆ అలసట తీరుస్తాయనీ ప్రతిపాదించారు. 2015లో గ్రెగరీ బ్రాట్‌మన్ బృందం తొంభై నిమిషాలు పచ్చని చోట నడిచినవారిలో, రద్దీ రోడ్డు పక్కన నడిచినవారితో పోలిస్తే, ఒకే బాధను తిప్పితిప్పి తలచుకోవడం తగ్గిందని చూపింది. ఇంగ్లండులో దాదాపు 20 వేలమంది మీద 2019లో వచ్చిన అధ్యయనం వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవారు మెరుగైన ఆరోగ్యం, సంతృప్తి ఉన్నట్టు చెప్పుకున్నారని తేల్చింది. ఏది కారణమో ఏది ఫలితమో ఆ అధ్యయనం తేల్చదు. వాతావరణం, కులం, పని గంటలు వేరైన హనుమకొండకు ఆ నిమిషాల లెక్కను యథాతథంగా తెచ్చుకోవడమూ కుదరదు.

విశ్వాసం వైపు నుంచి చూస్తే అమెరికా మనస్తత్వవేత్త కెన్నెత్ పార్గమెంట్ చేసిన విభజన అన్నిటికంటే ఉపయోగపడుతుంది. కష్టంలో దేవుడు తోడున్నాడని, సంఘం ఆదుకుంటుందని నమ్మేవారికి మతం బలమిస్తుంది. అదే కష్టాన్ని దేవుడు వేసిన శిక్షగా, తనను వదిలేసినట్టుగా భావిస్తే మతమే దిగులును పెంచుతుంది. ఇక్కడి కూడికల్లో రెండు రకాల మాటలూ వినబడతాయి. ‘నీలో ఏదో పాపం ఉంది, అందుకే ప్రార్థన వినబడటం లేదు’ అని చెప్పిన ఒక్క వాక్యం నెలల ఊరటను తుడిచేయగలదు.

వైద్యం అవసరమైనప్పుడు

చింత వేరు, ఆందోళన రుగ్మత వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2019లో ప్రపంచవ్యాప్తంగా 30 కోట్ల మంది ఈ రుగ్మతతో బాధపడ్డారు. కారణం చిన్నదైనా, లేకపోయినా నెలల తరబడి రోజూ గుబులు, నిద్ర పట్టకపోవడం, గుండెదడ, కండరాలు బిగుసుకోవడం, పని చేయలేకపోవడం ఉంటే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. కౌన్సెలింగు, అవసరమైతే మందులు దీనికి బాగా పనిచేస్తాయి. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి ప్రభుత్వ వైద్యానికి పెద్ద దిక్కు. ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ ఉచితంగా మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆదివారం దాకా ఆగకూడదు. మందు వేసుకోవడం విశ్వాసం తగ్గినట్టని చెప్పడం తప్పు. రోగిని ప్రార్థన పేరుతో గొలుసులతో కట్టేయడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం.

చూడదగిన చోట్లు, వాటి కష్టాలు

హనుమకొండ, వరంగల్ నగరాల్లో ఉన్నవాళ్లకు భద్రకాళి చెరువుకట్ట, వడ్డేపల్లి చెరువు, ధర్మసాగర్ జలాశయం, హంటర్ రోడ్డులోని కాకతీయ జంతుప్రదర్శనశాల అందుబాటులో ఉన్నాయి. గ్రానైటు గుట్టల మీద సాయంత్రం గాలి బాగుంటుంది. దూరం వెళ్లగలిగితే గణపతిదేవుని కాలంలో 13వ శతాబ్దంలో కట్టిన పాఖాల చెరువు, దాని చుట్టూ 1952లో ఏర్పాటైన అభయారణ్యం, లక్నవరం, రామప్ప చెరువులు ఉన్నాయి. చలికాలం వలసపక్షులకు అనువైన కాలం. యువజన కూడికలకు, రిట్రీట్లకు ఈ చోట్లకు బస్సులు వెళ్తాయి గానీ, అక్కడ కూడా సౌండు బాక్సు పెట్టడంతో పక్షులు అవతలి ఒడ్డుకు పోతాయి.

ఈ చోట్లే దిగులుకు కారణమైన సందర్భాలూ ఉన్నాయి. 2023 జూలై చివర మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచేసింది, జనాన్ని హెలికాప్టర్లతో కాపాడారు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో పెనుగాలికి వేల చెట్లు కూలాయి. అదే ఏడాది డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించి, వరంగల్ దాకా జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. పచ్చదనం చూస్తే మనసుకు హాయి అన్న సాదా మాట ఇలాంటి వారాల్లో నిలబడదు. అప్పుడు పనికొచ్చేది యోబు గ్రంథం 38 నుంచి 41 వరకు ఉన్న అధ్యాయాలు. పిల్లల్ని, ఆస్తిని పోగొట్టుకుని ఎందుకని నిలదీసిన యోబుకు దేవుడు అక్కడ కారణం చెప్పడు. మంచును, మెరుపును, అడవి గాడిదను, గద్దను, మనిషే లేని ఎడారిలో కురిసే వానను ఒక్కొక్కటిగా చూపిస్తాడు. ఓదార్పు వచనాల జాబితాల్లో ఈ అధ్యాయాలు సాధారణంగా ఉండవు. అంత్యక్రియల్లో చదివేది కూడా యోబు మొదటి అధ్యాయం నుంచే.